తోక తొందరపడితే...

విమానం నడపడం నేర్చుకుంటున్నానని చెప్పగానే మా నెల్లూరు వైపు జనం అడిగే మొదటి ప్రశ్న, "పైన భయమెయ్యదా?" అని. నిజం చెప్పాలంటే పైన భయమెయ్యదు. పొద్దున్నే గాలి కదలకుండా ఉన్నప్పుడు రెండు వేల అడుగుల ఎత్తులో చిన్న విమానం కాలవలో పడవలాగా పోతూ ఉంటుంది. కాసేపు చేతులు వదిలేసినా దాని మానాన అది పోతుంది. భయమంతా దిగేటప్పుడే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే దిగేశాక. చక్రాలు నేలకి తాకినప్పటి నుంచి విమానం నెమ్మదించేదాకా కొన్ని సెకన్లుంటాయి చూడండి, అక్కడ. 'అమ్మయ్య, దిగేశాం' అని మనసు సర్దుకునే టైమూ అదే, విమానం పక్కకి లాగేసే టైమూ అదే.

నేను నేర్చుకునేది సెస్నా 152. ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి విమానం. ఇంధనం, మనుషులు అన్నీ కలిపి గరిష్ఠ బరువు 757 కిలోలు. మన వీధిలో తిరిగే స్విఫ్ట్ కారు ఖాళీగా ఉన్నా దీనికంటే ఎక్కువే తూగుతుంది. ఇంత తేలికైన దాన్ని, పైగా పొడుగు రెక్కలు, నిలువు తోక ఉన్నదాన్ని, గంటకి వంద కిలోమీటర్ల వేగంతో నేల మీదకి తెస్తున్నామంటే గాలి ఊరుకుంటుందా? ఎదురుగాలి అయితే మంచిదే, బండి తొందరగా ఆగుతుంది. అడ్డగాలితోనే తంటా. సెస్నా 152 పుస్తకంలో అడ్డగాలికి 12 నాట్లు అని రాసుంటుంది. అంటే గంటకి సుమారు 22 కిలోమీటర్లు. టెస్ట్ పైలట్ అంత గాలిలో దించి చూపించాడని దాని అర్థం. మీరూ నేనూ దించగలమని కాదు.

ఎంత అడ్డగాలి ఉందో లెక్కెయ్యడానికి ఒక చిట్కా నేర్పుతారు. గడియారాన్ని గుర్తు పెట్టుకుంటే చాలు. రన్‌వే ఉన్న దిక్కుకీ, గాలి వచ్చే దిక్కుకీ మధ్య కోణం 15 డిగ్రీలుంటే గాలిలో పావు వంతు అడ్డగాలి. 30 ఉంటే సగం. 45 ఉంటే ముప్పావు. 60 దాటితే మొత్తం గాలి అడ్డంగా వస్తున్నట్టే అనుకోవాలి. పావుగంట, అరగంట, ముప్పావుగంట, గంట... అంతే. ఇంటర్‌లో త్రికోణమితి అంటే పారిపోయినవాళ్లు కూడా రేడియోలో టవర్ వాళ్లు గాలి చెప్పగానే ఒక్క క్షణంలో ఈ లెక్క వేసేస్తారు.

అసలు చిక్కు చేతుల్లో ఉంది. విమానంలో మన ముందుండే యోక్ అచ్చం స్టీరింగ్ లాగే ఉంటుంది. పట్టుకోగానే కారు నడిపిన చెయ్యి కారు లాగే తిప్పుతుంది. కానీ నేల మీద అది విమానాన్ని తిప్పదు! రెక్కల చివర్లలో ఉండే ఐలరాన్లని కదుపుతుంది, అంతే. ముక్కుని కుడికో ఎడమకో తిప్పాలంటే కాళ్ల కింద రెండు పెడల్స్ ఉంటాయి. అవి తోక మీదున్న రడ్డర్‌ని, అదే చుక్కానిని, ముందు చక్రాన్ని తిప్పుతాయి. వాటి పై భాగం నొక్కితే బ్రేకులు. కాబట్టి దిగాక విమానం ఎడమకి లాగితే కుడి కాలు నొక్కాలి. కొత్తవాళ్లు కంగారులో కుడి చెయ్యి తిప్పుతారు. విమానం వినదు. ఇంకా తిప్పుతారు. ఈలోపు తెల్లగీత పక్కకి పోయి, ఎదురుగా గడ్డి కనిపిస్తుంది. స్కూటీ నేర్చుకోవడానికి వారం పట్టింది నాకు. చేతులు చెయ్యాల్సిన పని కాళ్లకి అప్పజెప్పడానికి రెండు నెలలు పట్టింది.

అడ్డగాలిలో దించడం ఎలాగంటే, రన్‌వే వైపు వచ్చేటప్పుడు ముక్కుని గాలి వచ్చే వైపుకి కాస్త తిప్పి పెట్టుకుంటాం. ఎండ్రకాయ నడుస్తుంది చూశారా? చూపు ఒక వైపు, నడక ఒక వైపు. అట్లా వస్తాం. నేల దగ్గరికి వచ్చాక రడ్డర్ నొక్కి ముక్కుని రన్‌వేకి సూటిగా తేవాలి, అదే సమయంలో గాలి వైపు రెక్కని కొద్దిగా వంచాలి. వంచకపోతే గాలి విమానాన్ని పక్కకి తోసేస్తుంది. అంతా కుదిరితే గాలి వైపు చక్రం ముందు, రెండో చక్రం తర్వాత, చివరికి ముందు చక్రం ముద్దుగా తాకుతాయి. కుదరకపోతే చక్రాలు ఒక వైపు చూస్తూ, విమానం ఇంకో వైపు జారుతూ తాకుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను.

ఆ రోజు మా బ్యాచ్ అబ్బాయి ఒక్కడే సర్క్యూట్లు కొడుతున్నాడు. అంటే టచ్ అండ్ గో. దిగడం, ఆగకుండానే పవర్ ఇచ్చి మళ్లీ లేవడం, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ దిగడం. గంటలో ఏడెనిమిది ల్యాండింగులు వస్తాయి కాబట్టి అందరికీ ఇష్టం. కష్టం కూడా అందులోనే. ల్యాండింగ్ అయిందో లేదో ఫ్లాప్స్ ఎత్తాలి, పవర్ ఇవ్వాలి. ఫుల్ పవర్ ఇవ్వగానే ప్రొపెల్లర్ తిరిగే తీరు వల్ల ముక్కు ఎడమకి లాగుతుంది, కుడి కాలు సిద్ధంగా ఉండాలి. ఇన్ని పనులు ఆ కొన్ని సెకన్లలోనే. నేను ఇన్‌స్ట్రక్టర్‌తో రన్‌వే పక్కన నా వంతు కోసం ఎదురు చూస్తున్నాను. పొద్దున వేలాడుతున్న గాలి సంచి ఆ సరికి లేచి, రన్‌వేకి అడ్డంగా నిలబడింది.

మూడో ల్యాండింగ్. చక్రాలు తాకాయి, చిన్నగా ఎగిరింది, మళ్లీ తాకింది. గాలి ఎడమ నుంచి. ముక్కు ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. నిలువు తోక మీద గాలి కొడితే అది పక్కకి పోతుంది, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. విమానం స్వభావమే అంత. తిరుగుతున్న కొద్దీ బరువు కుడి వైపుకి ఒరిగింది, గాలి ఎడమ రెక్క కింద దూరి పైకెత్తింది. కుడి రెక్క కొస గడ్డిని గీసింది. రన్‌వే దాటి మెత్తటి మట్టిలోకి దిగగానే ముందు చక్రం కాడ వంగిపోయి, ప్రొపెల్లర్ నేలకి కొట్టుకుని ఆగిపోయింది. మొత్తం నాలుగైదు సెకన్లు. సౌండ్ కూడా పెద్దగా లేదు, గేటు వేసినట్టు 'టక్' అని అంతే. వాడు తలుపు తీసుకుని నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఒంటి మీద గీత కూడా లేదు. కానీ విమానం చుట్టూ తిరుగుతూ, వంగిన ప్రొపెల్లర్‌ని చేత్తో తడుముతూ నిలబడిపోయాడు.

ఇలాంటివి పేపర్లో రావు. ఎవరికీ ఏమీ కాలేదు కదా! కానీ నేర్చుకునేవాళ్లకి జరిగే ప్రమాదాల్లో చాలా భాగం ఇవే. ప్రొపెల్లర్ నేలకి తగిలితే ఇంజన్ మొత్తం విప్పి చూడాల్సిందే, లోపల ఏది బీటలిచ్చిందో బయటికి కనపడదు. విమానం షెడ్డులోకి వెళ్లిపోయింది. ఉన్నవే కొన్ని విమానాలు. విచారణ అయ్యేదాకా సోలోలు ఆపేశారు. మా అందరికీ ఇంటికి వెళ్లిరండి అన్నారు.

ఇంటికి వెళ్లడం ఇంకో కథ. మాది మైపాడు దగ్గర ఊరు. నాయనకి రొయ్యల గుంటలు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. ఆ ఖర్చు కోసం బ్యాంకు లోనుకి మా గుంటలే హామీ. వనామీ సాగు అంటే మీకు తెలిసిందే కదా, తెల్లమచ్చ వస్తే రాత్రికి రాత్రి పంట పోతుంది. అది చాలదన్నట్టు 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. మన రొయ్యలకి పెద్ద మార్కెట్టే అమెరికా. కొనేవాళ్లు ధర తగ్గించేశారు. నాయన ఏమీ అనడు, కానీ రాత్రిళ్లు ఏరియేటర్లు ఆన్ చేసి గట్టు మీద కూర్చుని సెల్లులో లెక్కలు చూసుకుంటా ఉంటాడు. నేను ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఒక్కో వారం ఆ లెక్కల్లో ఎక్కడ పడుతుందో నాకు తెలుసు.

అమ్మది డబ్బు బాధ కాదు. ఆ జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలినప్పటి నుంచి టీవీలో విమానం కనిపిస్తే చాలు, ఛానల్ మార్చేస్తా ఉంది. మా వాడి సంగతి చెప్పకుండా ఉందామనుకున్నా, గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు, అది పిన్ని ద్వారా అమ్మ దాకా వచ్చింది. "ఇంక చాల్లే మే. బీటెక్‌లో చేరు. ఎంత పోయిందో అంత పోయింది" అంది. 'అది పెద్ద విమానం, ఇది చిన్న విమానం, అది వేరే, ఇది వేరే' అని నేను వివరించబోయాను. వంకాయలు తరుగుతా ఉన్న అమ్మ తలెత్తలేదు. భయపడిన మనిషికి ఫిజిక్స్ చెప్పకూడదు, ఎవరూ వినరు.

మా గుంటల కాడ కాపలా ఉండే పెద్దాయన ఒకాయనున్నాడు. మేమంతా తాతా అని పిలుస్తాం. వయసులో ఉన్నప్పుడు తెప్ప మీద వేటకి పోయినవాడు. మోటార్లు లేని రోజులు. ఒక సాయంత్రం నేను ముఖం వేలాడేసుకుని ఉంటే, "దా పాపా, సముద్రం కాడికి పోయొద్దాం" అని తీసుకుపోయాడు. మైపాడు బీచ్‌లో ఆదివారమైతే ఒంటెలు, గుర్రాలు, బజ్జీల బండ్లు... మేము కాస్త దూరంగా, బోట్లు ఒడ్డుకొచ్చే చోట కూర్చున్నాం. జరిగింది చెప్పాను. విమానం భాష లేకుండా, 'దిగినాక తోక పక్కకి తిరిగింది తాతా' అని అంతే.

ఆయన నవ్వాడు. "సముద్రంలో ఏముంది? ఎవురైనా పోతారు. ఒడ్డుకి రావడమే" అన్నాడు. అప్పుడే ఒక ఫైబర్ బోటు వస్తా ఉంది. అలలు విరిగే చోటుకి కాస్త ఇవతల ఆగింది. ముందుకి రాదు. వెనకాల ఒక అల, రెండో అల, మూడో అల పోనిచ్చింది. "ఎందుకాగినాడో చూడు. అల వెనకాల నుంచి ఎత్తితే తోక తొందరపడద్ది. ముక్కు నీళ్లలో దిగి ఆగద్ది, తోక దాన్ని దాటి పోవాలని చూస్తది. అడ్డం తిరిగిందా, బోల్తానే. అందుకని అల ఎక్కి రాకూడదు. అల పోయినాక దాని వీపు పట్టుకుని రావాల." మరి చుక్కాని తిప్పి సరిచెయ్యలేమా అని అడిగాను. "నురగలో చుక్కాని పట్టదు పాపా. మంచి నీళ్లుంటేనే పట్టద్ది. తిరిగినాక సరిచేసేది ఏముండదు, తిరగక ముందే కాచుకోవాల."

నాకు ఒళ్లు జలదరించింది. మా ఇన్‌స్ట్రక్టర్ బోర్డు మీద బొమ్మలేసి చెప్పింది సరిగ్గా ఇదే! రడ్డర్ పనిచేసేది దాని మీదుగా పోయే గాలి వల్ల. దిగాక వేగం తగ్గేకొద్దీ ఆ గాలి తగ్గుతుంది, రడ్డర్ పట్టు పోతుంది, అడ్డగాలి మాత్రం అంతే ఉంటుంది. అందుకే వేగం తగ్గేకొద్దీ కాళ్ల పని పెరగాలి, యోక్‌ని గాలి వైపుకి ఇంకా ఇంకా తిప్పుకుంటూ పోవాలి. ఆగిపోయేదాకా. క్లాసులో విన్నప్పుడు నోట్స్ రాసుకున్నాను. ఆ సాయంత్రం అర్థమైంది.

తోక తొందరపడటం అన్నది పాతకాలపు విమానాల్లో మరీ ఎక్కువ. ఇప్పటి సెస్నాల్లో మూడో చక్రం ముక్కు కింద ఉంటుంది, విమానం బరువు ప్రధాన చక్రాలకి ముందు పడుతుంది. కాస్త వంకరగా దిగినా ఆ బరువే మళ్లీ సూటిగా లాక్కొస్తుంది. వెనకటి వాటికి మూడో చక్రం తోక కింద ఉండేది, బరువు ప్రధాన చక్రాల వెనక పడేది. ఒకసారి తిరగడం మొదలైతే ఆ బరువు ఇంకా తిప్పుతుంది. సూపర్ మార్కెట్ ట్రాలీని వెనక్కి తిప్పి తోస్తే ఎలా గిర్రుమంటుందో చూశారు కదా, అదీ సంగతి. గ్రౌండ్ లూప్ అంటారు దీన్ని. మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఫ్లయింగ్ క్లబ్బుల కోసమే తయారుచేసిన 'పుష్పక్' అలాంటిదే. 1958లో మొదటిసారి ఎగిరింది. ఎంతోమంది పాత పైలట్లు కాళ్లు అలవాటు చేసుకున్నది దాని మీదే. వాళ్లు మమ్మల్ని చూసి 'ముందు చక్రం పిల్లలు' అని ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి.

అమీలియా ఇయర్‌హార్ట్ తెలుసు కదా? ప్రపంచం చుట్టొస్తానని బయల్దేరిన ఆవిడ విమానం 1937 మార్చి 20న హొనొలులు దగ్గర ల్యూక్ ఫీల్డ్‌లో టేకాఫ్ పరుగులోనే ఇలా గ్రౌండ్ లూపై దెబ్బతింది. ఓడలో వెనక్కి పంపి బాగు చేయించుకోవాల్సొచ్చింది. రెండోసారి దిశ మార్చి, పడమర నుంచి తూర్పుకి బయల్దేరి, కరాచీ, కలకత్తాల మీదుగానే వెళ్లింది. అదే ఏడాది జూలై 2న పసిఫిక్‌లో కనపడకుండా పోయింది.  అదే కాలంలో ఫ్రెడ్ వీక్ అనే అమెరికా ఇంజనీరు ఈ కాళ్ల గొడవే వద్దనుకుని, రడ్డర్ పెడల్స్ లేకుండా ఎర్‌కూప్ అనే చిన్న విమానం గీశాడు. ఎండ్రకాయలా పక్కకి చూస్తూనే దిగొచ్చు, చక్రాలే సర్దుకుంటాయి. మంచి ఆలోచనే. అయినా ప్రపంచం మాత్రం పెడల్స్‌నే ఉంచుకుంది.

మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. నెల్లూరు నుంచి విజయవాడ పోయే హైవే మీద, కొరిశపాడు దగ్గర, 4.1 కిలోమీటర్ల రోడ్డుని ఎమర్జెన్సీ రన్‌వేగా కట్టారు. బస్సులో పోతూ మీరూ చూసే ఉంటారు, డివైడర్ లేకుండా విశాలంగా ఉంటుంది. 2024 మార్చి 18న ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32, డోర్నియర్ అక్కడ దిగి మళ్లీ లేచాయి. ఆ రన్‌వే వెడల్పు 33 మీటర్లు. ఏఎన్-32 రెక్కల పొడవు 29 మీటర్ల పైనే! అంటే అటు రెండు, ఇటు రెండు మీటర్లు కూడా మిగలవు. పైగా మన తీరంలో హైవే దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది. లెక్క మీరే వేసుకోండి, గడియారం చిట్కా చెప్పానుగా. వీడియో చూసినవాళ్లంతా విమానం సైజు చూసి చప్పట్లు కొట్టారు, నేను మాత్రం ఆ పైలట్ కాళ్ల గురించే ఆలోచించాను.

శ్రీహరికోట రాకెట్లని మిద్దెక్కి చూస్తూ పెరిగినవాళ్లం మేము. అయినా మా నెల్లూరికి ఇంకా ఎయిర్‌పోర్టు లేదు, దగదర్తి దగ్గర వస్తుందని ఏళ్లుగా వింటూనే ఉన్నాం. దాన్ని గురించి ఇక్కడ మొదలెడితే ఆగను, వదిలేస్తా.

ఆ రాత్రి తాతే అమ్మతో మాట్లాడాడు. నేను గుమ్మం వెనక నిలబడి విన్నాను. వేటకి పోయే బోట్లు ఎన్ని తిరగబడ్డాయో, అయినా మళ్లీ పోయినవాళ్లు ఎట్లా పోయారో చెప్తాడనుకున్నా. అదేమీ చెప్పలేదు. "అల బాగలేకుంటే ఆ పిల్లోళ్లు ముక్కు మళ్లా సముద్రం వైపు తిప్పుకుని నిలబడతారమ్మా. ఎంత చీకటి పడినా నిలబడతారు. పాపకి అట్టా నిలబడేది ఉండాదా, కనుక్కో" అన్నాడు.

అమ్మ నన్ను పిలిచి అడిగింది. ఉంది అని చెప్పాను. గో అరౌండ్ అంటారు. దిగేటప్పుడు ఏ క్షణమైనా నచ్చకపోతే, గీత తప్పినా, గాలి కొట్టినా, ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ పైకెళ్లిపోవచ్చు. చక్రాలు తాకాక కూడా, ఇంకా అదుపులో ఉన్నప్పుడు, ముందు రన్‌వే ఉంటే, వెళ్లొచ్చు. ఎవరూ ఏమీ అనరు, మార్కులు తగ్గవు. "ఎన్నిసార్లైనా?" అంది. ఇంధనం ఉన్నన్నిసార్లు అన్నాను. "దానికి డబ్బులెక్కువైతాయా?" అంది. అవుతాయి అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే కానీ" అంది. నాయన పక్క గదిలోంచి ఏదో అనబోయి దగ్గాడు.

రెండు వారాల తర్వాత ఫోనొచ్చింది. తిరిగి వెళ్లిన రోజు మొదటి పని ఎవరికీ సోలో లేదు, అందరికీ ఇన్‌స్ట్రక్టర్‌తో అడ్డగాలి ప్రాక్టీస్. రన్‌వే మీద ఒక అడుగు ఎత్తులో, చక్రాలు తాకనివ్వకుండా, గీత మీదే ఈ చివర నుంచి ఆ చివరి దాకా తీసుకుపోవాలి. తాకించకూడదు. పైకి పోకూడదు. పక్కకి పోకూడదు. వినడానికి సులువు. నాలుగోసారికి నా పిక్కలు వణికాయి, చొక్కా తడిసి వీపుకంటుకుంది. మధ్యలో ఇన్‌స్ట్రక్టర్ ఒకే మాట అంటా ఉన్నాడు, "కాళ్లు బతికుంచు, కాళ్లు బతికుంచు."

మా బ్యాచ్ అబ్బాయి కూడా వచ్చాడు. విచారణలో అడిగినవన్నీ చెప్పాడంట, చెకప్ చేసి మళ్లీ డ్యూయల్ మొదలుపెట్టించారు. మొదటి రోజు దిగి వచ్చాక ఏం మాట్లాడలేదు. రెండో రోజు క్యాంటీన్లో టీ తాగుతా, "ఇవాళ రెండుసార్లు గో అరౌండ్ కొట్టా" అన్నాడు, ఫస్ట్ క్లాసు వచ్చినోడిలా. నేను మూడు అన్నాను. ఆ రోజు లాగ్‌బుక్‌లో ఆరు ల్యాండింగులు రాసుకుని, ఫోన్ ఆన్ చేస్తే అమ్మ మెసేజ్ ఉంది: "దిగినావా? ఎన్నిసార్లు పైకి పోయినావు?"